మతిమరుపు ఒక్క తలలోనే పుట్టదు

ఇంట్లో పెద్దాయన అడిగిందే మళ్లీ అడిగారు. "వాళ్లు ఎప్పుడొస్తామన్నారు?" ఆదివారం అని ఇందాకే చెప్పారు కదా, మళ్లీ చెబుతారు, ఈసారి కాస్త విసుగ్గా. పక్క గదిలో టీవీ మోగుతోంది, వంటింట్లోంచి గిన్నెల చప్పుడు, ఇద్దరు పిల్లలు ఒకరి మాట మీద ఒకరు అరుస్తున్నారు. అరగంట గడిచాక మూడోసారి అదే ప్రశ్న. అప్పుడు ఎవరో ఒకరు గొంతు తగ్గించి, "వయసైపోతోంది, మతిమరుపు మొదలైంది" అంటారు. గొంతు తగ్గించక్కర్లేదు నిజానికి, మామూలుగా అన్నా ఆయనకి వినపడేది కాదు.

అసలు సంగతి అక్కడే ఉంది. వయసుతో వచ్చే చెవుడు అన్ని శబ్దాలనీ ఒకేలా తగ్గించదు. ముందుగా పోయేవి సన్నటి, పదునైన శబ్దాలు. మాటల్లో స, శ, త, క లాంటి హల్లుల గుర్తు ఎక్కువగా వాటిలోనే ఉంటుంది. అచ్చులు బాగానే చెవిన పడతాయి. అందుకే పెద్దవాళ్లు "వినపడుతోంది కానీ ఏమన్నావో తెలియట్లేదు" అంటారు, అది సాకు కాదు, ఉన్నదున్నట్టు చెప్పడమే. సగం వినపడ్డ వాక్యాన్ని మెదడు ఊహతో పూరిస్తుంది. ఆ పూరించే పనికే దాని శక్తంతా ఖర్చయిపోతే విన్నది దాచుకోవడానికి మిగిలేది తక్కువ. "ఆదివారం" అన్న మాట లోపలికి సరిగ్గా చేరనే లేదు, చేరనిదాన్ని మర్చిపోయారనడం ఏం న్యాయం? ఇది ఒక పూట సంగతి. ఇదే పదేళ్లు సాగితే మనిషి నలుగురు కూర్చున్న చోటికి రావడం మానేస్తాడు, ఫోన్ ఎత్తడు, నవ్వాల్సిన చోట నవ్వలేక నవ్వులపాలవుతానేమోనని ముందే లేచి వెళ్లిపోతాడు. అంటే చెవిలో మొదలైన లోటు చివరికి స్నేహాల లోటుగా మారుతుంది.

మరి వినికిడి మిషన్ పెడితే మతిమరుపు ఆగిపోతుందా? దీని మీద అమెరికాలో పెద్ద ట్రయల్ జరిగింది. 70 నుంచి 84 ఏళ్ల మధ్య వయసున్న 977 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకి వినికిడి మిషన్లూ వాటిని వాడే శిక్షణా ఇచ్చారు, ఇంకో జట్టుకి ఆరోగ్య పాఠాలు చెప్పారు. మూడేళ్ల తర్వాత 2023లో ఫలితాలు చూస్తే మొత్తం మీద రెండు జట్లకీ తేడా కనిపించలేదు. అయితే ఆ 977 మందిలో ఒక గుంపు వేరు. ఎప్పటి నుంచో నడుస్తున్న ఒక గుండెజబ్బుల అధ్యయనం నుంచి వచ్చినవాళ్లు వాళ్లు, మిగతావాళ్ల కంటే కాస్త పెద్దవాళ్లు, ముప్పు కారణాలు కూడా ఎక్కువ ఉన్నవాళ్లు. వాళ్లలో మాత్రం మిషన్ పెట్టుకున్నవాళ్ల మానసిక సామర్థ్యం తగ్గే వేగం 48 శాతం తక్కువగా ఉంది. మిగతావాళ్లు మంచి ఆరోగ్యంతో ఉన్న వాలంటీర్లు, మూడేళ్లలో వాళ్లకి తగ్గిందే పెద్దగా లేదు, ఇక ఆపడానికేముంటుంది. దీన్ని "మిషన్ పెడితే డిమెన్షియా, అంటే రోజువారీ పనులకే అడ్డొచ్చేంత మతి క్షీణత, సగం తగ్గుతుంది" అని రాసేవాళ్లూ ఉన్నారు, "పనిచేయలేదు" అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు, రెండూ తొందరపాటే. ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకి ఉపయోగపడే అవకాశం గట్టిగా ఉంది అనేది సరైన మాట.

ప్రపంచంలో 2021 నాటికి డిమెన్షియాతో బతుకుతున్నవాళ్లు దాదాపు 5 కోట్ల 70 లక్షల మంది. ఏటా కోటికి కాస్త అటూఇటూగా కొత్తవాళ్లు చేరుతున్నారు. ఈ జబ్బు మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2017లో మార్చుకోదగ్గ కారణాలు 9 అంది, 2020లో 12 అంది, 2024లో 14 అంది. ఈ 14 కారణాలనీ పూర్తిగా తొలగించగలిగితే కేసుల్లో 45 శాతం దాకా రాకుండా గానీ, ఆలస్యంగా వచ్చేలా గానీ చేయొచ్చని లెక్క కట్టింది. ఆ జాబితా చూస్తే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగతాగడం, మద్యం, ఒళ్లు కదల్చకపోవడం లాంటి తెలిసినవే చాలా ఉంటాయి. కానీ పెద్ద వాటా ఉన్నవాటిలో చెవుడు ఉంది (మొత్తం కేసుల్లో 7 శాతం), చిన్నప్పుడు చదువు తక్కువవడం ఉంది (5), మనుషులకి దూరంగా ఉండిపోవడం ఉంది (5), గాలి కాలుష్యం ఉంది (3). వీటిలో ఏదీ ఆ మనిషి ఒంట్లోనే మొదలై ఒంట్లోనే ముగిసేది కాదు. చుట్టూ ఉన్నవాళ్లూ, ఉన్న ఊరూ, పెరిగిన కాలమూ కలిసి తెచ్చిపెట్టేవి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ 45 శాతం జనాభా మొత్తానికి వేసిన లెక్క. "నేను ఈ 14 పాటిస్తే నాకు 45 శాతం ముప్పు తగ్గుతుంది" అని దానికి అర్థం కాదు. పైగా ఆ కారణాలన్నీ నిజంగా కారణాలే, వట్టి గుర్తులు కావు అనుకుంటేనే ఆ లెక్క నిలబడుతుంది. అన్ని నియమాలూ పాటించిన మనిషికీ అల్జీమర్స్ (డిమెన్షియాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది) వస్తుంది, అప్పుడు "ఏం తప్పు చేశాడో" అని చుట్టాలు ఆరా తీయడం కంటే అన్యాయం ఇంకోటి ఉండదు.

పరిసరాలు మెదడు మీద ఎలా పనిచేస్తాయో అర్థం కావాలంటే అమెరికాలో 1986లో మొదలైన ఒక అధ్యయనం దగ్గరికి వెళ్లాలి. డేవిడ్ స్నోడన్ అనే పరిశోధకుడు 678 మంది క్రైస్తవ సన్యాసినులతో దాన్ని నడిపాడు, చనిపోయాక తమ మెదడుని పరీక్షకి ఇస్తామని వాళ్లు ముందే ఒప్పుకున్నారు. సన్యాసినులనే ఎందుకు ఎంచుకున్నారంటే, పెద్దయ్యాక వాళ్ల జీవితాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకే రకం ఇల్లు, ఒకే రకం తిండి, పొగ లేదు, సంపాదనలో తేడాల్లేవు, కాన్పులు లేవు. అంటే మామూలు జనంలో లెక్కల్ని చిక్కులు పెట్టే విషయాలు సగం ముందే తీసేసినట్టు. వాళ్లలో సిస్టర్ మేరీ అనే ఆవిడ 101 ఏళ్లకి చనిపోయారు. చివరిదాకా జ్ఞాపకశక్తి పరీక్షల్లో మంచి మార్కులే వచ్చేవి. మెదడు తెరిచి చూస్తే అల్జీమర్స్ గుర్తులు, అంటే ప్రోటీన్ ముద్దలూ చిక్కుముడులూ, దండిగా ఉన్నాయి. జబ్బు ఉంది, జబ్బు మనిషి మాత్రం లేదు!

ఇది ఆవిడ ఒక్కదాని కథ కాదు. 1988లో రాబర్ట్ కాట్జ్‌మన్ బృందం వృద్ధాశ్రమంలో చనిపోయిన 137 మంది మెదళ్లని పరీక్షిస్తే, అల్జీమర్స్ మార్పులు ఉండి కూడా బతికుండగా చురుగ్గా ఉన్నవాళ్లు పదిమంది దొరికారు. వాళ్ల మెదళ్ల బరువు ఎక్కువ, పెద్ద నాడీకణాలూ ఎక్కువే. ఇలాంటివి చూశాకే కాగ్నిటివ్ రిజర్వ్, అంటే మెదడు కూడబెట్టుకున్న నిల్వ, అనే ఆలోచన బలపడింది. చెరువు పోలిక పెట్టుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. గండి పడ్డప్పుడు నిండు చెరువూ కారుతుంది, సగం చెరువూ కారుతుంది, పొలం ఎండేది మాత్రం సగం చెరువు కింద ముందు. చదువు, బుర్రకి పనిపెట్టే ఉద్యోగం, రకరకాల మనుషులతో కలిసిన జీవితం ఆ చెరువుని నింపుతాయి. దీనికో చేదు కొస కూడా ఉంది. నిల్వ ఎక్కువున్నవాళ్లలో లక్షణాలు బయటపడేసరికే లోపల జబ్బు బాగా ముదిరి ఉంటుంది, అందుకని బయటపడ్డాక వాళ్లు వేగంగా దిగజారిపోవడం చాలా అధ్యయనాల్లో కనిపించింది. "మొన్నటిదాకా పేపరు మొత్తం చదివేవారు, ఆరునెలల్లో ఇలా అయిపోయారేంటి" అని ఇంట్లోవాళ్లు బిత్తరపోవడానికి ఇదీ ఒక కారణం.

చదువు సంగతికి వస్తే వెంటనే వచ్చే అనుమానం, తెలివైనవాళ్లే ఎక్కువ చదువుకున్నారేమో, కలవాళ్ల పిల్లలే బడికి పోయారేమో, మెదడుని కాచింది చదువేనని ఎలా అనగలం అని. దీనికి చరిత్రే ఒక ప్రయోగం చేసిపెట్టింది. బ్రిటన్‌లో 1947లో బడి మానేయడానికి కనీస వయసుని 14 నుంచి 15కి పెంచారు. అంటే 1933 మార్చిలో పుట్టిన పిల్లాడు 14 ఏళ్లకే బడి మానేయొచ్చు, ఏప్రిల్‌లో పుట్టినవాడు ఇంకో ఏడాది కూర్చోవాల్సిందే. తెలివిలోనో డబ్బులోనో ఆ రెండు నెలల పిల్లలకి తేడా ఏముంటుంది? ముసలివాళ్లయ్యాక పరీక్ష పెడితే ఆ అదనపు ఏడాది చదివినవాళ్ల జ్ఞాపకశక్తి మెరుగ్గా ఉంది. ఎక్కడో ప్రభుత్వం చేసిన ఒక నిబంధన, అరవై ఏళ్ల తర్వాత ఎవరి తలలోనో లెక్కకొచ్చింది. అలాగే అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 1970ల చివర నుంచి లెక్కలు చూస్తే, ఒకే వయసువాళ్లలో కొత్తగా డిమెన్షియా వచ్చే రేటు దశాబ్దానికి దాదాపు 20 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. కానీ ఆ తగ్గుదల హైస్కూల్ పూర్తి చేసినవాళ్లలోనే కనిపించింది, చేయనివాళ్లలో లేదు.

అయితే బడి ఒక్కటే దారి అనుకుంటే బడి మొహం చూడని కోట్లమంది పెద్దవాళ్ల మాటేమిటి? 2013లో 648 మంది డిమెన్షియా రోగుల మీద వచ్చిన అధ్యయనంలో రెండు భాషలు మాట్లాడేవాళ్లకి, ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు బయటపడింది, చదవడం రాయడం రానివాళ్లలో కూడా ఆ తేడా ఉంది. జబ్బు లేనప్పటి నుంచి ఏళ్ల తరబడి వెంటాడి చూసిన అధ్యయనాల్లో ఈ ఫలితం అన్నిచోట్లా నిలబడలేదు కాబట్టి దీన్ని పట్టుకుని ఊరేగనక్కర్లేదు. కాకపోతే మెదడుకి పని పెట్టేది పుస్తకమే కానక్కర్లేదు, బజారులో ఒకరితో ఒక భాష, ఇంట్లో ఇంకో భాష మాట్లాడటం కూడా పనే అని అనుకోవడానికి అది చాలు.

ఇప్పుడు మనుషుల తోడు. ఒంటరిగా ఉండటం వేరు, ఒంటరితనం వేరు. ఇద్దరు కొడుకులు, కోడళ్లు, మనవలు ఉన్న ఇంట్లో రోజంతా ఎవరూ పలకరించని ముసలావిడ ఉంటుంది. ఒక్కతే ఉంటూ సాయంత్రం నలుగురితో కూర్చుని నవ్వుకునే ఆవిడా ఉంటుంది. చికాగోలో రాబర్ట్ విల్సన్ బృందం 823 మందిని వెంటాడి 2007లో చెప్పిందేమిటంటే, ఒంటరితనం బాగా అనుభవిస్తున్నవాళ్లకి అది లేనివాళ్లతో పోలిస్తే అల్జీమర్స్ వచ్చే అవకాశం రెట్టింపు. ఇందులో ఆసక్తికరమైన చోటు వేరే ఉంది. చనిపోయినవాళ్ల మెదళ్లు పరీక్షిస్తే ఒంటరితనానికీ, అల్జీమర్స్ ముద్దలకీ సంబంధం కనిపించలేదు. అంటే ఒంటరితనం ఆ ముద్దల్ని పెంచడం లేదు, ఉన్నవాటిని తట్టుకునే బలాన్ని తగ్గిస్తోందేమో. మళ్లీ చెరువు దగ్గరికే వచ్చాం.

దీన్ని తిప్పి కూడా చదవొచ్చు, ఆ మాట దాచకూడదు. అల్జీమర్స్ మార్పులు లక్షణాలు బయటపడటానికి పదిహేను ఇరవై ఏళ్ల ముందే మెదడులో మొదలవుతాయి. ఆ తొలిదశలో మనిషికి పేర్లు తట్టవు, కబుర్లలో వెనకబడతాడు, సిగ్గుపడి జనంలోకి పోవడం తగ్గిస్తాడు. అప్పుడు జబ్బు వల్లే ఒంటరితనం వచ్చినట్టు కదా? ఈ చిక్కు విప్పాలంటే చాలా ఏళ్లు వెనక్కి పోయి చూడాలి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద సాగిన వైట్‌హాల్ అధ్యయనంలో పదివేలకి పైగా మందిని 28 ఏళ్లపాటు చూశారు. 60 ఏళ్ల వయసులో స్నేహితుల్ని దాదాపు రోజూ కలిసేవాళ్లకి, ఎప్పుడో కొన్ని నెలలకోసారి ఒకరిద్దర్ని కలిసేవాళ్ల కంటే తర్వాత డిమెన్షియా ముప్పు 12 శాతం తక్కువ. చిన్న అంకే, కానీ నిలబడే అంకె. ఇంకో మాట, ఆ తేడా స్నేహితుల్ని కలవడంలోనే కనిపించింది, చుట్టాల్ని కలవడంలో కనిపించలేదు. ఎందుకన్నది తేలలేదు కానీ, చుట్టాల దగ్గర మాట్లాడేది సగం పాత రికార్డే, స్నేహితుల దగ్గర కొత్త వాదన ఒకటి పుడుతుంది అని అనుభవం ఉన్న ఎవరైనా అంటారు.

పక్కన మనిషి ఉంటే చాలా, లేక ఆ మనిషితో ఏదైనా చేయాలా? దీనికీ కొంత జవాబుంది. డెనిస్ పార్క్ బృందం 2014లో చేసిన ప్రయోగంలో 60 దాటిన పెద్దవాళ్లలో కొందరు వారానికి పదిహేను గంటలు డిజిటల్ ఫోటోగ్రఫీ నేర్చుకున్నారు, కొందరు ముక్కలు కలిపి దుప్పట్లు కుట్టడం నేర్చుకున్నారు, ఇంకొందరు అన్నే గంటలు కబుర్లతో, ఆటలతో, షికార్లతో సరదాగా గడిపారు. మూడు నెలల తర్వాత జ్ఞాపకశక్తి పెరిగింది నేర్చుకున్నవాళ్లకే, ముఖ్యంగా ఫోటోగ్రఫీ వాళ్లకి. వట్టి కాలక్షేపం జట్టుకి ఆ లాభం రాలేదు. అలాగని కబుర్లు దండగ అని కాదు. మనుషులతో పెద్దగా కలవని 75 దాటిన 186 మంది మీద జరిగిన ఇంకో ట్రయల్‌లో, శిక్షణ పొందిన వ్యక్తి వారానికి నాలుగుసార్లు అరగంటసేపు వీడియోకాల్‌లో ఏదో ఒక విషయం మీద మాట్లాడితే, ఆరు నెలల్లో మానసిక పరీక్షల్లో కొద్దిపాటి మెరుగు కనిపించింది. "తిన్నావా, మందులేసుకున్నావా, ఉంటా మరి" ఫోన్‌కాల్‌కీ దీనికీ తేడా ఉంది. మొదటిదానికి అవును కాదు అంటే సరిపోతుంది. రెండోదానికి ఎదుటివాడు ఏమన్నాడో పట్టుకోవాలి, తన మాట తయారుచేసుకోవాలి, పాత సంగతి ఒకటి తవ్వుకోవాలి, సరైన పదం వెతుక్కోవాలి, ఇవన్నీ రెండు సెకన్లలో.

ఫోన్లు ముసలాళ్ల బుర్ర పాడుచేస్తున్నాయన్న మాట బాగా తిరుగుతోంది కాబట్టి దారిలో ఒక ముక్క. 57 అధ్యయనాల్ని, 4 లక్షలకి పైగా మందిని కలిపి 2025లో వేసిన లెక్కలో, డిజిటల్ పరికరాలు వాడే నడివయసువాళ్లకీ పెద్దవాళ్లకీ మానసిక సామర్థ్యం దెబ్బతినే ముప్పు ఎక్కువ కాదు సరికదా, బాగా తక్కువగా ఉంది. బుర్ర బాగున్నవాళ్లే ఫోన్ వాడగలుగుతున్నారు అన్న వాదన ఇక్కడా ఉంటుంది, అది పూర్తిగా కొట్టేయలేం. ఏదేమైనా ఇంట్లో పెద్దావిడ చేతిలోంచి ఫోన్ లాక్కునే ముందు ఆగడం మంచిది.

ఇంతవరకూ చెప్పినవి మనిషి కాస్తో కూస్తో చేతుల్లో ఉన్నవి. గాలి అలా కాదు. 2000ల మొదట్లో మెక్సికో సిటీలో లిలియన్ కాల్డెరోన్ గార్సిదుయేన్యాస్ అనే శాస్త్రవేత్త, ఆ నగరపు మురికి గాలి పీల్చిన కుక్కల మెదళ్లని శుభ్రమైన గాలి ఉన్న ఊళ్ల కుక్కల మెదళ్లతో పోల్చి చూసి, నగరపు కుక్కల్లో వాపు, అల్జీమర్స్‌ని పోలిన మార్పులు ఉన్నాయని చెప్పింది. కుక్కలు పొగతాగవు, మందు కొట్టవు, పదో తరగతి ఫెయిల్ కావు! పీఎం 2.5 అనే ధూళి రేణువులు వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. అవి ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి దిగి రక్తనాళాల్ని పాడుచేస్తాయి, వాటికంటే సన్నటివి ముక్కులో వాసన పట్టే నరం వెంబడి నేరుగా మెదడుకే చేరగలవు. 2016లో మనుషుల మెదడు కణజాలంలో మాగ్నటైట్ అనే ఇనుప రేణువులు గుండ్రంగా, నున్నగా, మండిన ఇంధనంలోంచి వచ్చేవాటి ఆకారంలో దొరికాయి.

కెనడాలోని ఒంటారియోలో పెద్ద రోడ్డుకి 50 మీటర్ల లోపల ఉండేవాళ్లకి డిమెన్షియా ముప్పు దూరంగా ఉన్నవాళ్ల కంటే 7 శాతం ఎక్కువని 2017లో తేల్చారు. 50 నుంచి 100 మీటర్లలో 4 శాతం, 200 దాకా 2 శాతం, ఆ పైన తేడా లేదు. మెట్లు దిగినట్టు దిగిపోయే ఈ వరసే ఇది కాకతాళీయం కాదేమో అనిపించేలా చేస్తుంది, రోడ్డు పక్కన అద్దె తక్కువ కాబట్టి పేదవాళ్లే అక్కడుంటారన్న సంగతిని లెక్కలోంచి తీయడానికి వాళ్లు ప్రయత్నించారు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5కి ఏడాది సగటు హద్దుని ఘనమీటరు గాలికి 10 నుంచి 5 మైక్రోగ్రాములకి దించింది. ఆ సంస్థ హద్దులు దాటిన గాలినే ప్రపంచ జనాభాలో 99 శాతం మంది పీలుస్తున్నారు. మంచి కబురు ఒకటుంది. అమెరికాలో పదేళ్లపాటు గాలి శుభ్రపడిన ప్రాంతాల్లోని పెద్ద వయసు ఆడవాళ్లలో తర్వాత డిమెన్షియా ముప్పు తగ్గినట్టు 2022లో బయటికొచ్చింది. ఆ ఆడవాళ్లు దీనికోసం చేసిందేమీ లేదు. క్రాస్‌వర్డ్ నింపలేదు, బాదం తినలేదు, వాళ్ల ఊళ్లో పొగ తగ్గింది, అంతే. మెదడు ఆరోగ్యం గురించి వచ్చే సలహాలన్నీ "మీరు ఇది చేయండి" అనే ఉంటాయి, ఈ ఒక్క ఫలితం మాత్రం మునిసిపాలిటీకీ రవాణా శాఖకీ కూడా డిమెన్షియాలో వాటా ఉందంటోంది.

వీధి కూడా అంతే. నడవడం మంచిదని ప్రతి డాక్టరూ చెబుతాడు. ఫుట్‌పాత్ మీద బళ్లుంటే, కూర్చోవడానికి ఎక్కడా బల్ల లేకపోతే, మరుగుదొడ్డి లేకపోతే, దీపం వెలగని మలుపు ఒకటుంటే డెబ్బై ఐదేళ్ల మనిషి ఎలా నడుస్తాడు? ఒక్కసారి జారి పడితే చాలు, తుంటి విరక్కపోయినా సరే, భయం పట్టుకుంటుంది, బయటికి పోవడం ఆగిపోతుంది, పోతూ పోతూ పలకరించే నలుగురూ పోతారు. దీనికి చూపు తోడైతే ఇంకా వేగం. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో, చేయించుకోనివాళ్ల కంటే డిమెన్షియా ముప్పు దాదాపు 30 శాతం తక్కువని 3,000 మందిపై చేసిన అధ్యయనం 2022లో చెప్పింది. ఆపరేషన్‌కి వెళ్లగలిగే ఓపిక ఉన్నవాళ్లే కాబట్టి అలా కనిపించిందేమో అన్న అనుమానం వస్తుంది కదా, దానికీ అదే అధ్యయనంలో చిన్న పరీక్ష ఉంది: గ్లకోమా (నీటికాసులు) ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో ఈ తేడా లేదు. ఆ ఆపరేషన్ ఉన్న చూపుని కాపాడుతుందే తప్ప పోయిన చూపుని తిరిగి తేదు.

ఇల్లు మారడం గురించి తక్కువ మాట్లాడతారు. నలభై ఏళ్లున్న ఇంట్లో పెద్దావిడ చీకట్లో కూడా స్విచ్ మీదికే చెయ్యి వేస్తుంది, ఉప్పు డబ్బా చూడకుండా అందుకుంటుంది. అందులో సగం జ్ఞాపకం తలలో లేదు, ఆ గోడల్లో, అరల్లో, గుమ్మం ఎత్తులో ఉంది. కొడుకు దగ్గరికి కొత్త ఫ్లాట్‌కి తెస్తారు, మంచి ఉద్దేశంతోనే. వారంలో "అమ్మకి ఒక్కసారిగా మతి తప్పింది" అంటారు. లోపల తరుగుదల అప్పటికే కొంత ఉండి ఉంటుంది, పాత ఇల్లు దాన్ని కప్పిపుచ్చుతూ వచ్చింది.

పరిసరాలు మెదడుని ఎంత త్వరగా తలకిందులు చేయగలవో చూడాలంటే ఆసుపత్రి వార్డుని మించిన చోటు లేదు. న్యుమోనియాతోనో ఆపరేషన్‌కో చేరిన పెద్దాయన రెండో రోజు రాత్రి సొంత కూతుర్ని గుర్తుపట్టడు, సెలైన్ పీకేస్తాడు, గోడ మీద ఏవో పాకుతున్నాయంటాడు. దీన్ని డెలీరియం అంటారు, డిమెన్షియా కాదు, గంటల్లో వస్తుంది, చాలావరకూ తగ్గుతుంది కూడా, కానీ వచ్చినవాళ్లకి తర్వాత డిమెన్షియా ముప్పు పెరుగుతుంది. జబ్బు దానికి కారణం నిజమే. ఆ పైన ఏం జరుగుతోందో చూడండి: కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది, వినికిడి మిషన్ పోతుందేమోనని బ్యాగులో పెట్టారు, లైట్లు రాత్రంతా వెలుగుతూనే ఉన్నాయి, కిటికీ లేదు, గడియారం లేదు, రెండు గంటలకోసారి ఎవరో లేపి బీపీ చూస్తున్నారు, మంచం దిగనివ్వరు, నీళ్లు అందే దూరంలో లేవు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాణ్ని అలా మూడు రోజులు ఉంచినా వారం పేరు తప్పు చెబుతాడు. షారన్ ఇనోయ్ అనే డాక్టర్ 70 దాటిన 852 మంది రోగులతో చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త మందేమీ వాడలేదు. కళ్లజోడు, వినికిడి సాయం ఇచ్చారు, ఈరోజు ఏ తేదీ, ఎవరొచ్చారు అని బోర్డు మీద రాసి మాట్లాడారు, రోజూ నడిపించారు, నీళ్లు తాగించారు, నిద్రమాత్రకి బదులు వేడిగా ఏదైనా తాగించి వీపు రాసి చప్పుడు తగ్గించారు. డెలీరియం 15 శాతం నుంచి 9.9 శాతానికి దిగింది. ఇంత తేలికైనది అన్ని ఆసుపత్రుల్లోనూ ఇంకా ఎందుకు లేదంటే, వీపు రాయడానికి బిల్లు వేయలేరు.

అన్నీ కలిపి చేస్తే? ఫిన్లాండ్‌లో మియా కివిపెల్టో బృందం 60 నుంచి 77 ఏళ్ల 1,260 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి రెండేళ్లపాటు తిండి, వ్యాయామం, మెదడుకి కసరత్తు, బీపీ షుగర్ల మీద కన్ను, అన్నీ ఒకేసారి పెట్టి 2015లో మామూలు సలహాలు అందుకున్నవాళ్ల కంటే 25 శాతం ఎక్కువ మెరుగు చూపింది. అమెరికాలో 2,111 మందితో చేసిన అలాంటి ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి, అందులో రెండు జట్లకీ దాదాపు అవే విషయాలు చెప్పారు. ఒక జట్టుకి "మీకు వీలైనట్టు చేసుకోండి" అని రెండేళ్లలో 6 సమావేశాలు పెట్టారు, ఇంకో జట్టుకి గట్టి ప్రణాళిక, 38 సమావేశాలు, పలకరించి లెక్క అడిగే మనుషులు. ఇద్దరూ మెరుగయ్యారు, రెండో జట్టు ఇంకొంచెం ఎక్కువ. ఏమీ చేయని జట్టు లేదు కాబట్టి ఆ మెరుగులో పరీక్ష మళ్లీ మళ్లీ రాయడం వల్ల వచ్చిన అలవాటు ఎంతో విడదీయలేం. రెండు జట్ల మధ్య తేడా మాత్రం తెలిసిపోయింది: ఏం చేయాలో చాలామందికి తెలుసు, ఎవరో ఎదురుచూస్తున్నారంటేనే చేస్తారు.

పేదరికం, దిగులు, తెగని టెన్షన్ ఈ వ్యాసంలో విడిగా రాలేదు కానీ పైన చెప్పిన ప్రతిదానిలోనూ ఉన్నాయి. రోడ్డు పక్క ఇల్లు, ఆగిపోయిన చదువు, కొనలేని వినికిడి మిషన్, వాయిదా పడుతున్న శుక్లాల ఆపరేషన్ ఒకే మనిషికి రాసిపెట్టి ఉండటం చూస్తూనే ఉంటాం.

కాబట్టి పెద్దాయన అడిగిందే మూడోసారి అడిగినప్పుడు, డిమెన్షియా అన్న మాట నోట్లోంచి రాకముందు చూడాల్సినవి కొన్నున్నాయి. బి12, థైరాయిడ్ పరీక్షలు. దిగులు, ఎందుకంటే ముసలితనంలో డిప్రెషన్ అచ్చం మతిమరుపులాగే కనిపిస్తుంది. వాడుతున్న మందులు, ముఖ్యంగా నిద్రమాత్రలు, జలుబుకీ దురదకీ వేసుకునే పాతరకం అలర్జీ మాత్రలు, మూత్రం ఆపుకోలేని ఇబ్బందికి ఇచ్చే కొన్ని మందులు, ఇవి పెద్దవాళ్ల బుర్రని మందగింపజేస్తాయి. వీటిని సొంతంగా ఆపేయకుండా చీటీలన్నీ డాక్టర్ ముందు పరిచి అడగాలి. చూపు. చివరగా చెవి, అది కూడా వినికిడి మిషన్ దాకా వెళ్లకముందే డాక్టర్‌తో ఒకసారి లైటు వేయించి లోపల చూపించాలి. పెద్ద వయసులో గులిమి గట్టిపడి చెవి మూసుకుపోవడం చాలా మామూలు, తీయడానికి పది నిమిషాలు పడుతుంది.